విజయవాడలో ప్రత్యేకంగా పుస్తకం చేయిస్తున్నారా? ఏ బైండింగ్ ఎవరికి నప్పుతుంది

నాన్నగారి షష్టిపూర్తికి ఆయన జ్ఞాపకాలను పుస్తకంగా తేవాలనుకునే పిల్లలు, కాలేజీ స్వర్ణోత్సవానికి సావనీర్ వేస్తున్న పూర్వ విద్యార్థులు, సొంత ఖర్చుతో కవితా సంపుటి వేసుకుంటున్న కవి, విదేశీ కొనుగోలుదారులకు మిర్చి రకాల కేటలాగ్ పంపాలనుకునే గుంటూరు ఎగుమతిదారు... వీళ్లంతా దాదాపు ఒకే చోట ఆగిపోతారు. మేటర్ సిద్ధంగా ఉంటుంది, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీల కూర్పు) అయిపోతుంది, ప్రూఫులు దిద్దడం కూడా పూర్తవుతుంది. అప్పుడు ప్రెస్సాయన అడుగుతాడు: "బైండింగ్ ఏం పెట్టమంటారండీ?" అక్కడ మొదలవుతుంది టెన్షన్. టేబుల్ మీద పది శాంపిల్స్ పరుస్తారు. అన్నీ బాగానే కనిపిస్తాయి. ఎక్కువమంది అట్ట మీది మెరుపు చూసి ఒకటి ఎంచుకుంటారు.

విజయవాడ, గుంటూరుల్లో ఇలాంటి పనులు దగ్గరుండి చేయించిన అనుభవంతో నేను చెప్పేది ఒకటే. డబ్బు ముందు పుస్తకం వెన్ను మీద పెట్టండి, మిగిలితే ముఖం మీద పెట్టండి. బంగారు ఫాయిల్ లేని పుస్తకాన్ని ఎవరూ తప్పు పట్టరు. పేజీలు ఊడిపోయే పుస్తకాన్ని మాత్రం ఎవరూ దాచుకోరు.

శాంపిల్స్ చూసేముందు తేల్చుకోవలసినవి

మొదటి ప్రశ్న: ఈ పుస్తకాన్ని ఎవరు, ఎలా తెరుస్తారు? ఒకసారి తిరగేసి పక్కన పెట్టేదా, రోజూ పారాయణ చేసేదా, వంటింట్లో గట్టు మీద తెరిచి ఉంచేదా, చేతిలో పట్టుకుని చదివేదా? దీన్ని బట్టే సగం ఎంపిక అయిపోతుంది. పారాయణ పుస్తకం వ్యాసపీఠం మీద దానంతటదే తెరుచుకుని ఉండాలి. చేత్తో అదిమిపెడితే తప్ప తెరుచుకోని పుస్తకంలో రోజూ అధ్యాయం చదవమంటే పెద్దవాళ్లకు అది శిక్షే.

రెండోది ఆయుష్షు. ఈ ఏడాది గడిస్తే చాలనుకునేవి కొన్ని, మనవల దాకా ఉండాలనుకునేవి కొన్ని. సావనీర్లను చాలామంది మొదటి రకంలో వేసేస్తారు. అది సరికాదని నా అభిప్రాయం. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కాలేజీ చరిత్ర రాయాలనుకునేవాడికి దొరికే ఆధారం ఆ సావనీరే.

మూడోది పేజీల సంఖ్య. ఇక్కడ బైండరు లెక్క వేరు, మన లెక్క వేరు. మనం "194 పేజీలు" అంటాం. ఆయన "ఫారాలు ఎన్ని వస్తాయండీ?" అంటాడు. డెమీ 1/8 సైజులో, అంటే మామూలు నవల సైజులో, 18×23 అంగుళాల కాగితం ఒకటి మడిస్తే 16 పేజీలు వస్తాయి. అది ఒక ఫారం. 192 పేజీలంటే సరిగ్గా 12 ఫారాలు. 194 అన్నామంటే ఆ రెండు పేజీల కోసం విడిగా ఒక ముక్క ముద్రించి అతికించాలి. అలా అతికించిన ఆకే ముందు ఊడుతుంది. కాబట్టి మేటర్‌ను 192కి కుదించండి, లేదంటే ఫొటోలు చేర్చి 208కి పెంచండి. కనీసం నాలుగుతోనైనా భాగించబడేలా చూసుకోండి.

నాలుగోది కాపీల సంఖ్య. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు, మెషిన్ సెట్టింగ్ ఖర్చు 100 కాపీలకైనా 1000 కాపీలకైనా ఒకటే. అందుకే కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర పడిపోతుంది. వంద, నూట యాభై కాపీలే కావాలంటే డిజిటల్ ప్రింటింగ్ తేలిక. బైండింగ్ ఖర్చు అలా తగ్గదు. చేతి పని ఎంత ఎక్కువుంటే, ప్రతి కాపీకీ అంత కూలి పడుతూనే ఉంటుంది.

ఇక మన ఊరి వాతావరణం. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మేలో ఎండ 45 డిగ్రీల దాకా పోయే ఊరు, వానాకాలంలో కృష్ణమ్మ తడి గాలి తగిలే ఊరు మనది. జిగురు, అట్ట, లామినేషన్ మూడూ ఈ రెంటికీ లొంగేవే.

సెంటర్ పిన్నింగ్

కాగితాలన్నీ ఒకదానిలో ఒకటి దూర్చి, మధ్యలో రెండు పిన్నులు కొట్టేది. 64 పేజీల లోపు కరపుస్తకం, పెళ్లిలో పంచే మంగళాష్టకాల పుస్తకం, కార్యక్రమ వివరాల బుక్‌లెట్ వంటివాటికి ఇంతకన్నా మంచిది లేదు. పూర్తిగా తెరుచుకుంటుంది, చవక, ఒక్క రోజులో చేతికొస్తుంది. పేజీలు ఎక్కువైతే మాత్రం మధ్య కాగితాలు బయటికి పొడుచుకొస్తాయి. అంచు కటింగ్ చేసినప్పుడు మధ్య పేజీల మార్జిన్ తగ్గిపోతుంది. పేజీ నంబర్లు అంచుకు మరీ దగ్గరగా పెట్టొద్దని డీటీపీ వాళ్లకు ముందే చెప్పండి. తడి గాలికి పిన్ను తుప్పు పట్టి కాగితం మీద మరక పడుతుంది కాబట్టి దీర్ఘకాలం దాచుకునే పనులకు ఇది వద్దు.

పక్కనుంచి పిన్ను కొట్టే సైడ్ పిన్నింగ్ అని ఇంకోటి ఉంది, గైడ్లకూ ప్రశ్న బ్యాంకులకూ వాడేది. ప్రత్యేకమైన పనికి దాని జోలికి వెళ్లకండి.

గమ్ బైండింగ్

ఈరోజు మార్కెట్లో కనిపించే సాఫ్ట్ కవర్ పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇదే. ఫారాలన్నీ వరసగా పేర్చి, వెన్ను వైపు మడతలను మెషిన్‌తో గీరేసి, కరిగించిన వేడి జిగురు పూసి, 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) ఆర్ట్ కార్డు కవర్ అతికిస్తారు. గీరడంతో మడతలు పోతాయి, ప్రతి ఆకూ విడి ఆకు అవుతుంది. అంటే పుస్తకం మొత్తం ఆ సన్నని జిగురు పొర మీదే ఆధారపడి ఉంటుంది.

70 లేదా 80 జీఎస్ఎం మాప్‌లిథో (పూత లేని మామూలు పుస్తకాల కాగితం) మీద, జిగురు మంచిదైతే, నవలకో వ్యాస సంపుటికో ఇది చక్కగా సరిపోతుంది. గరుకు కాగితం జిగురును పీల్చుకుని పట్టుకుంటుంది. పేచీ ఆర్ట్ పేపర్‌తోనే. దాని మీద నున్నటి పూత ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. రంగు ఫొటోల సావనీర్‌ను 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ మీద వేసి గమ్ బైండింగ్ పెట్టించడం చాలా మామూలైపోయింది. ఒక ఆవిష్కరణ సభలో ముఖ్య అతిథి సావనీర్‌ను కెమెరాల కోసం పూర్తిగా విప్పి పట్టుకున్నారు. మధ్యలో రెండు ఆకులు జారి స్టేజీ మీద పడ్డాయి. ఏడాదిపాటు పని చేసిన సంపాదకుడి ముఖం అప్పుడు చూడలేకపోయాను.

వేసవి కూడా ఆలోచించాలి. మామూలు హాట్ మెల్ట్ జిగురు వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో పుస్తకాల కట్టలు మధ్యాహ్నమంతా ఉంటే వెన్ను వదులవుతుంది. పీయూఆర్ అనే ఇంకో రకం జిగురు ఉంది. అది ఆరాక మళ్లీ కరగదు, ఆర్ట్ పేపర్‌నూ బాగా పట్టుకుంటుంది. మీరు వెళ్లిన చోట ఆ మెషిన్ ఉందా అని అడగండి. లేకపోతే ఆర్ట్ పేపర్ పుస్తకానికి గమ్ బైండింగ్ ఆలోచన మానుకోండి.

వెన్ను మందం కనీసం మూడు మిల్లీమీటర్లయినా లేకపోతే గమ్ బైండింగ్ నిలవదు. 70 జీఎస్ఎం మాప్‌లిథోలో 200 పేజీలకు సుమారు తొమ్మిది మిల్లీమీటర్ల మందం వస్తుంది. ఆ లెక్కన 64 పేజీలకు మూడు మిల్లీమీటర్లు కూడా దాటదు. వెన్ను మీద పుస్తకం పేరు వేయాలనుకుంటే వంద పేజీల పైన ఉండాలి.

సెక్షన్ కుట్టు, పైన సాఫ్ట్ కవర్

నన్నడిగితే కుటుంబ పుస్తకాలకూ మంచి కవితా సంపుటాలకూ సావనీర్లకూ ముందు ఆలోచించవలసింది ఇదే. చాలామందికి ఇలాంటిది ఒకటుందని తెలియదు. కుట్టు అనగానే గట్టి అట్ట అనుకుంటారు. అట్టకూ కుట్టుకూ సంబంధం లేదు. మెత్తని కవర్ లోపల కూడా కుట్టిన పుస్తకం ఉండొచ్చు.

ఇందులో ఫారాల మడతలు గీరరు. ఒక్కో ఫారం నడిమి మడతలోంచి దారం పోనిచ్చి, దాన్ని పక్క ఫారంతో కలుపుతూ కుడతారు. ఆ పైన వెన్నుకు జిగురు పూసి కవర్ వేస్తారు. జిగురు ఎప్పుడైనా పోయినా దారం పట్టుకుని ఉంటుంది. పుస్తకం బల్ల మీద తెరిచిపెడితే తెరుచుకునే ఉంటుంది.

బైండింగ్ షాపులో ఈ పని జరుగుతుంటే ఒకసారి నిలబడి చూడండి. పొడవాటి బల్ల మీద ఫారాల గుట్టలు ఒకటి నుంచి పన్నెండు వరకూ వరసగా ఉంటాయి. మనిషి బల్ల వెంట నడుస్తూ ఒక్కో గుట్ట నుంచి ఒక్కో ఫారం తీసుకుంటూ వెళ్తాడు. చివరికి చేరేసరికి చేతిలో ఒక పుస్తకం పూర్తవుతుంది. ఫారాల వెన్ను మీద చిన్న నల్ల గుర్తులు మెట్లు మెట్లుగా ముద్రించి ఉంటాయి. కట్టను నిలబెట్టి చూస్తే ఆ మెట్లు ఏటవాలుగా ఒక గీతలా రావాలి. ఎక్కడైనా గీత తెగితే ఒక ఫారం తప్పిపోయినట్టు, లేదా రెండుసార్లు వచ్చినట్టు. కొందరు డీటీపీలో ఈ గుర్తులు పెట్టరు. మీ ఫైల్లో ఉన్నాయో లేదో అడిగి పెట్టించండి. 80వ పేజీ తర్వాత 97వ పేజీ వచ్చిన పుస్తకం మీకు రాకుండా ఉండటానికి ఉన్న సులభమైన కాపలా అదే.

ఖర్చు గమ్ కన్నా ఎక్కువ, టైం కూడా ఎక్కువ. పేపర్ మందంగా ఉంటే ఇంకో చిక్కు. 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్‌ను 16 పేజీల ఫారంగా మూడు మడతలు వేస్తే లోపలి మూల ముడత పడుతుంది. అలాంటప్పుడు ఎనిమిది పేజీల ఫారాలుగా మడిపించాలి. ఫారాలు రెట్టింపవుతాయి, కుట్టు కూలీ పెరుగుతుంది. అయినా పర్వాలేదు.

ఒక జాగ్రత్త. కుట్టు అని కోటేషన్‌లో రాసి గమ్ వేసి ఇచ్చే సందర్భాలు ఉంటాయి. తేల్చుకోవడం సులువు. పుస్తకం పైఅంచును వెన్ను వైపు దగ్గరగా చూడండి. కుట్టిన దాంట్లో ఫారాలు చిన్న చిన్న గుండ్రటి మడతలుగా విడివిడిగా కనిపిస్తాయి. గమ్ వేసిన దాంట్లో ఆకుల అంచులు సాఫీగా, ఒకే చెక్కలా ఉంటాయి. అనుమానం తీరకపోతే 8, 9 పేజీల మధ్య, 24, 25 పేజీల మధ్య తెరిచి చూడండి. 16 పేజీల ఫారాలైతే అక్కడ దారం కనిపించాలి.

కేస్ బైండింగ్, అంటే గట్టి అట్ట

సెక్షన్ కుట్టిన పుస్తకానికి రెండు, రెండున్నర మిల్లీమీటర్ల బోర్డుతో అట్ట విడిగా తయారుచేసి తొడుగుతారు. లోపల కుట్టు ఉంటేనే దీనికి బలం. గమ్ వేసిన పుస్తకానికి గట్టి అట్ట తొడిగితే, బయటికి రాజసంగా ఉండి లోపల బలహీనంగా ఉంటుంది. "హార్డ్ బౌండ్" అన్నంత మాత్రాన కుట్టు ఉందని అనుకోవద్దు.

అట్ట మీద ముద్రించిన కాగితం వేయొచ్చు, రెక్సిన్ వేయొచ్చు, కాలికో వేయొచ్చు. కాలికో అంటే బైండింగ్ కోసమే తయారైన గుడ్డ. మన ప్రాంతంలో ఇంకో అందమైన దారి ఉంది. విజయవాడ, గుంటూరుల మధ్యే మంగళగిరి ఉంది. అక్కడి నేత చీరల అంచు, నూలు గుడ్డ చూడని తెలుగిల్లు ఉండదు. కృష్ణా జిల్లాలో పెడన కలంకారీ అచ్చు గుడ్డ ఉంది. అమ్మమ్మ జ్ఞాపకాల పుస్తకానికి మంగళగిరి నూలు అట్ట వేస్తే ఏ రెక్సినూ దాని ముందు నిలవదు. కానీ గుడ్డను నేరుగా బోర్డు మీద అతికించకూడదు. జిగురు నేతలోంచి పైకి ఉబికి మరకలు పడతాయి. గుడ్డను ముందు ఉతికి, ఇస్త్రీ చేసి, వెనక పల్చటి కాగితం అతికించి ఆరనివ్వాలి. ఆ తర్వాతే అట్టకు వేయాలి. బైండరు "ఎందుకండీ అంత" అన్నా సరే, ఒక్క అట్ట చేయించి మర్నాడు చూడండి.

చేనేత గుడ్డ మీద ఫాయిల్ అక్షరాలు నిలబడవు, దారాల మధ్య విరిగిపోతాయి. బోర్డు మీద చిన్న చతురస్రం లోతుగా నొక్కించి, పేరు ముద్రించిన కాగితపు లేబుల్ అందులో అతికించండి. లేబుల్ అంచులు పైకి లేవవు.

జిగురు సంగతి కూడా అడగండి. అట్ట లోపలి కాగితం అతికించడానికి చాలామంది బైండర్లు ఇప్పటికీ మైదా జిగురు ఉడికిస్తారు. మంచిదే. కాకపోతే అందులో మైలుతుత్తం కలపాలి, లేకపోతే పురుగులకు విందే. వానాకాలంలో అట్ట తొడిగిన పుస్తకాలు బరువు కింద రాత్రంతా ఉండాలి, వీలైతే ఇంకో రోజు. తొందరపెట్టి తడి మీదే తీసుకెళ్తే అట్టలు వంగిపోతాయి. ఒకసారి వంగిన అట్ట మళ్లీ సాపు కాదు.

వైరో, స్పైరల్

వంటల పుస్తకం, శిక్షణ మాన్యువల్, టేబుల్ క్యాలెండర్‌లకు బాగుంటుంది. పేజీ పూర్తిగా వెనక్కి తిప్పేయొచ్చు. వెన్ను ఉండదు కాబట్టి అల్మారాలో పేరు కనిపించదు. ప్లాస్టిక్ స్పైరల్ కన్నా లోహపు వైరో చూడటానికి బాగుంటుంది. నలిగితే మాత్రం తీగ వంకరపోయి పేజీలు జారతాయి, కొరియర్‌లో పంపే పనులకు వద్దు.

పుస్తకమే కానవసరం లేదు: ఫోల్డర్, పెట్టె

కేటలాగ్ కావాలని వచ్చేవాళ్లలో కొందరికి నిజానికి కావలసింది ఫోల్డర్. మిర్చి రకాలు, ధరలు ఏటా మారేవాళ్లు పుస్తకం కుట్టించుకుంటే వచ్చే ఏడు అది చెత్త. జేబు ఉన్న గట్టి ఫోల్డర్ చేయించి, లోపల విడి కార్డులు పెట్టుకుంటే మారిన కార్డు ఒక్కటే మళ్లీ ముద్రించుకోవచ్చు. దీనికి డై కటింగ్ కావాలి. చెక్కలో ఉక్కు బ్లేడు బిగించి డై తయారుచేస్తారు. డై ఖర్చు ఒక్కసారే పెట్టేది, దాన్ని దాచిపెట్టమని అడిగి, మళ్లీ ఆర్డరిచ్చినప్పుడు వాడుకోండి. ఆస్పత్రి రిపోర్టుల ఫోల్డర్లు, పట్టా కవర్లు, పెళ్లి పత్రికల పెట్టెలు అన్నీ ఇదే పద్ధతిలో వస్తాయి.

| రకం | తెరుచుకునే తీరు | ఆయుష్షు | నప్పే పేజీలు | చేతి పని |
|---|---|---|---|---|
| సెంటర్ పిన్నింగ్ | పూర్తిగా | తక్కువ | 8–64 | కొంచెం |
| గమ్ బైండింగ్ | సగమే, అదిమి పట్టాలి | మధ్యస్థం, ఆర్ట్ పేపర్ మీద తక్కువ | 100 పైన | కొంచెం |
| సెక్షన్ కుట్టు, సాఫ్ట్ కవర్ | బాగా | ఎక్కువ | 96 పైన | ఎక్కువ |
| కేస్ బైండింగ్ | బాగా | చాలా ఎక్కువ | 128 పైన | చాలా ఎక్కువ |
| వైరో | పూర్తిగా, వెనక్కి కూడా | మధ్యస్థం | 20–200 | మధ్యస్థం |
| ఫోల్డర్, పెట్టె | విడి కార్డులు | బోర్డును బట్టి | వర్తించదు | డై, అతికింపు |

మెరుపుల సంగతి

ఫాయిల్, ఎంబాసింగ్ (అక్షరాలు ఉబ్బెత్తుగా నొక్కడం), స్పాట్ యూవీ (కొన్ని చోట్ల మాత్రమే మెరిసే పూత), వెల్వెట్ లామినేషన్ అన్నీ ఒకే కవర్ మీద వేయించకండి. ఏదో ఒకటి చాలు. ఏది ఎంచుకున్నా తెలుగు అక్షరం సంగతి మర్చిపోవద్దు. ఫాయిల్‌కు లోహపు బ్లాకు చేసి వేడితో నొక్కుతారు. నొక్కినప్పుడు సన్నని ఖాళీలు పూడుకుపోతాయి. ఇంగ్లిషు అక్షరాలకు అంత ఇబ్బంది రాదు గానీ మన ఒత్తులు, గుడులు, సున్నాలు ముద్ద అయిపోతాయి. "కృష్ణ" అని చిన్న సైజులో ఫాయిల్ వేయిస్తే ష కింది ణ ఒత్తు బంగారు చుక్కగా మిగులుతుంది. కాగితం మీదైతే 16 పాయింట్ల కన్నా, రెక్సిన్ మీదైతే 20 కన్నా తగ్గకుండా, గీతలన్నీ ఒకే మందంలో ఉండే ఫాంటు పెట్టించండి. ఉపశీర్షిక, రచయిత పేరు మామూలు ముద్రణలోనే ఉంచేయండి.

ముదురు రంగు కవర్ మీద మ్యాట్ లామినేషన్ గీతలు పడి తెల్లబారుతుంది. వెల్వెట్ తాకడానికి హాయిగా ఉంటుంది, నూనె చేతుల మరకలు మాత్రం ఉండిపోతాయి. ఒకవైపే లామినేషన్ ఉన్న పల్చని కవర్ వానాకాలంలో చుట్టుకుపోతుంది. 250 కన్నా తక్కువ జీఎస్ఎం కవర్ వద్దు. మడత దగ్గర క్రీజింగ్ (మడిచేముందు గీతలా నొక్కడం) లేకపోతే అక్కడ రంగు పగిలి తెల్లగీత పడుతుంది. డిజిటల్ ప్రింట్ మీద లామినేషన్ చేయిస్తే, డిజిటల్ కోసం వచ్చే ఫిల్మే వాడమనండి. మామూలు ఫిల్మ్ టోనర్ మీద పట్టక బుడగలు లేస్తుంది.

ఎవరి దగ్గర చేయించాలి

నాలుగు దారులున్నాయి. ప్రింటింగ్ ప్రెస్‌కే మొత్తం అప్పజెప్పడం మొదటిది. ఒకే బిల్లు, ఒకే మనిషి. చాలా ప్రెస్సులు బైండింగ్ బయట చేయిస్తాయి కాబట్టి ఎక్కడ చేయిస్తారో అడిగి, ఆ షాపుకు ఒకసారి వెళ్లి చూడటం మీ హక్కు. రెండోది, ముద్రించిన ఫారాలు తీసుకుని నేరుగా బైండరు దగ్గరికి వెళ్లడం. గుడ్డ అట్ట, పెట్టె లాంటి ప్రత్యేకమైన పనులకు నేను దీన్నే ఇష్టపడతాను, ఎందుకంటే చేసే మనిషితోనే మాట్లాడతాం. కానీ ఫారం తప్పు మడత పడితే ప్రెస్సు బైండరు మీద, బైండరు ప్రెస్సు మీద చెప్తారు. మధ్యలో మీరు నిలబడగలగాలి.

మూడోది తమిళనాడులోని శివకాశి. డైరీలు, క్యాలెండర్లు, పెద్ద సంఖ్యలో పత్రికలకు అక్కడి ధరలు, మెషిన్లు వేరే స్థాయిలో ఉంటాయి. 200 కాపీల కుటుంబ పుస్తకం కోసం అంత దూరం వద్దు. తెలుగు చదవలేని చోట ఒత్తు ఎగిరిపోయినా, పేజీ తలకిందులైనా కనిపెట్టేవాళ్లుండరు. పంపాలనుకుంటే అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా మార్చిన పీడీఎఫ్ మాత్రమే పంపండి. డీటీపీలో వాడే అను ఫాంట్లతో చేసిన ఓపెన్ ఫైల్ ఆ ఫాంట్లు లేని ఇంకో ఊళ్లో తెరిస్తే అక్షరాలు చెదిరిపోతాయని డీటీపీ చేసేవాళ్లందరికీ తెలుసు.

నాలుగోది ఆన్‌లైన్. పది, ఇరవై కాపీలకు సరిపోతుంది. అయితే వాళ్లిచ్చే సైజులు, అట్టలే తీసుకోవాలి.

మీరు వీళ్లలో ఒకరైతే

తాతగారి, నాన్నగారి జ్ఞాపకాలు వేసే కుటుంబానికి: వంద, నూట యాభై కాపీలు సెక్షన్ కుట్టుతో సాఫ్ట్ కవర్ వేయించి, అవే ఫారాలతో పది, పదిహేను కాపీలు మాత్రం గుడ్డ అట్టతో కేస్ బైండింగ్ చేయించండి. అందరికీ గట్టి అట్ట పెట్టాలన్న పట్టుదలతో బడ్జెట్ మించిపోయి చివరికి గమ్ దగ్గర ఆగిపోయే వాళ్లు చాలామంది. ఆ గట్టి అట్ట కాపీలు పిల్లలకూ, ఊరి లైబ్రరీకీ ఇవ్వండి. ఫొటోలు మధ్యలో ఒక ఎనిమిది పేజీల ఆర్ట్ పేపర్ ఫారంగా పెడితే మిగతాదంతా మాప్‌లిథోలో హాయిగా ఉంటుంది.

సావనీర్ కమిటీకి: ప్రకటనల పేజీల కోసం మొత్తం పుస్తకం ఆర్ట్ పేపర్ మీద వేయడం మానండి. బరువు లెక్క చూడండి. డెమీ సైజులో 200 పేజీలకు లోపలి కాగితమే 70 జీఎస్ఎంలో సుమారు 210 గ్రాములు, 130 జీఎస్ఎంలో సుమారు 390 గ్రాములు. పోస్టులో పంపే కాపీలకు ఆ తేడా అంతా మీ సంఘం జేబు నుంచే పోతుంది. ప్రకటనలు ఆర్ట్ పేపర్ ఫారాల్లో, వ్యాసాలు మాప్‌లిథోలో వేసి కుట్టించండి.

కవికి: మాప్‌లిథో గానీ, కంటికి హాయిగా ఉండే లేత గోధుమ రంగు కాగితం గానీ తీసుకోండి. పేజీలు 96 దాటితే కుట్టు. డబ్బు సరిపోకపోతే గమ్ పర్వాలేదు, ఫాయిల్ మాత్రం వదిలేయండి. పుస్తక మహోత్సవంలో అమ్ముడుపోయేది మీ కవిత్వమే.

గుడి కోసం పారాయణ గ్రంథం వేసే దాతలకు: గమ్ వద్దే వద్దు. పెద్ద అక్షరాలు, క్రౌన్ 1/4 సైజు (డెమీ 1/8 కన్నా పెద్దది), సెక్షన్ కుట్టు, రెక్సిన్ అట్ట. పసుపు, నూనె చేతులతో తీస్తారు కాబట్టి రెక్సిన్ తడిగుడ్డతో తుడుచుకోవడానికి పనికొస్తుంది.

వ్యాపారులకు: ఫోల్డర్. పుస్తకమే కావాలంటే 48 పేజీల సెంటర్ పిన్నింగ్, 250 జీఎస్ఎం కవర్ చాలు.

ఆర్డరిచ్చేముందు, తీసుకునేటప్పుడు

డమ్మీ అడగండి. అదే కాగితం, అదే పేజీల సంఖ్య, అదే అట్ట, అక్షరం లేకుండా ఖాళీగా ఒక్క పుస్తకం కట్టి ఇమ్మనండి. చిన్న ఛార్జీ తీసుకున్నా ఇవ్వండి. ఆ డమ్మీ కొలిస్తేనే వెన్ను మందం సరిగ్గా తెలుస్తుంది, కవర్ డిజైన్ దాని మీదే చేయాలి. కాగితం పోగులు వెన్నుకు సమాంతరంగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు. అడ్డంగా ఉంటే పేజీలు తెరిచినప్పుడు బిర్రుగా లేచి నిలబడతాయి. వానాకాలంలో వెన్ను దగ్గర అలలు అలలుగా కూడా వస్తాయి.

కోటేషన్ రాయించుకునేటప్పుడు కాగితం పేరు, జీఎస్ఎం, ఫారాల సంఖ్య, కుట్టా గమ్మా, బోర్డు మందం, లామినేషన్, బ్లాకు ఛార్జీ విడివిడిగా ఉండాలి. "200 పేజీల పుస్తకం, మంచి బైండింగ్" అని ఒక్క లైన్లో ఉంటే రెండు కోటేషన్లు పోల్చలేరు. 200 కాపీలు కావాలంటే 215 కాపీలకు ఫారాలు ముద్రించమనండి. కటింగ్‌లోనూ కుట్టులోనూ కొన్ని పోతాయి.

టైం గురించి. మే, జూన్‌లలో బైండింగ్ షాపుల్లో పాఠ్యపుస్తకాలు, నోట్సులు కొండల్లా ఉంటాయి. అక్టోబరు నుంచి డైరీలు, క్యాలెండర్లు. సాధారణంగా కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం కోసం ప్రచురణకర్తల తొందర. చేతి పని ఎక్కువున్న పుస్తకానికి ఈ నెలలు తప్పించి, ఫిబ్రవరి, మార్చి లేదా ఆగస్టు, సెప్టెంబరుల్లో చేయించుకుంటే మీ పని మీద మనసు పెట్టే మనిషి దొరుకుతాడు. కార్యక్రమం తేదీ మార్చలేకపోతే ఫారాలు రెండు నెలల ముందే ముద్రించి బైండరుకు ఇచ్చేయండి.

పుస్తకాలు తీసుకునేటప్పుడు పైకట్టలోని కాపీ ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. నాలుగైదు కట్టల నుంచి ఒక్కో కాపీ తీసి, పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా, నల్ల గుర్తుల మెట్లు సరిగా వచ్చాయా చూడండి. మధ్యలో ఒక ఆకును పట్టుకుని నెమ్మదిగా లాగండి. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి అట్ట సాపుగా ఉందా చూడండి. తేడా కనిపిస్తే అక్కడే చెప్పి, ఏ కాపీలు మళ్లీ కట్టాలో లెక్క రాయించుకోండి. పూర్తి డబ్బు ఆ తర్వాత ఇవ్వండి.